తోమిన అర డాలరు

భయస్తుడు డిటెక్టివ్ ఉద్యోగానికి పనికిరాడని ఎవరన్నారో గాని, వాళ్ళు బాలమురళిని చూసి ఉండరు. మెల్‌బోర్న్‌లో లైసెన్సున్న ప్రైవేట్ ఇన్వెస్టిగేటర్లలో అతనంత పిరికివాడు ఇంకొకడు లేడు. ఆ సంగతి అతనే ఒప్పుకుంటాడు. ఐటీలో టెస్టర్‌గా ఉన్న రోజుల్లోనూ అంతే. ప్రతి ప్రోగ్రాములో ఎక్కడో ఏదో తప్పు దాక్కుని ఉందని భయపడేవాడు, ఆ భయంతోనే వెతికి పట్టుకునేవాడు. ఇప్పుడు ఆ భయాన్నే గంటల లెక్కన అద్దెకిస్తున్నాడు.

అయితే ఆ సోమవారం మధ్యాహ్నం, ఊరి శివార్లలోని కేరమ్ డౌన్స్‌లో శేషగిరి గారి గరాజ్‌లో నిలబడ్డప్పటి భయం వేరు. డెబ్బై దాటిన శేషగిరి గారు, రైల్వే సిగ్నల్స్ ఇంజినీరుగా రిటైరైన మనిషి, శుక్రవారం పొద్దున ఒక చిన్న అట్టపెట్టె చేతిలో పట్టుకుని ఇంట్లోంచి వెళ్ళారు. తిరిగి రాలేదు. మర్నాడు ఆయన కారు గుడి పార్కింగ్‌లో కనిపించింది. లాక్ వేసి ఉంది. గుండెకు స్టెంట్ వేయించుకున్న మనిషి మాత్రల డబ్బా డ్రైవరు సీటు పక్కనే ఉండిపోయింది.

"పోలీసులు మిస్సింగ్ పర్సన్ అని రాసుకున్నారు, ఆ పెట్టెలోని నాణేల సంగతి చెబితే ఇన్సూరెన్స్ వాళ్ళు ఫ్రాడ్ అని రాసుకున్నారు," అంది డార్విన్ నుంచి ఫోన్‌లో ఆయన కూతురు సింధుజ. అక్కడ ఆస్పత్రిలో డాక్టరు. "ఆ టాబ్లెట్స్ లేకుండా నాన్న ఎన్నాళ్ళు ఓకేగా ఉంటారో నాకు తెలుసు. అదే నా ప్రాబ్లమ్. I'll be on the afternoon flight, రాత్రికి అక్కడుంటాను. ఈలోపు ప్లీజ్, ఏదో ఒకటి చెయ్యండి."

ఏదో ఒకటి చెయ్యడానికి గరాజ్‌లో పెద్దగా ఏమీ లేదు. కారుండాల్సిన చోట ఒక స్టీలు బీరువా, తేమ లాగే మెషీను, ఒక బల్ల. బల్ల మీద అద్దం కింద 1954 నాటి అమెరికన్ ప్రూఫ్ సెట్టు విప్పి పెట్టి ఉంది. ప్రూఫ్ నాణెమంటే బజార్లో తిరగడానికి కొట్టింది కాదు. అచ్చునూ బిళ్ళనూ ముందే మెరుగుపెట్టి, ఒకటికి రెండుసార్లు గుద్ది, సేకరించేవాళ్ళ కోసమే తయారుచేస్తారు. బొమ్మ చుట్టూ ఉన్న వెండిలో మొహం చూసుకోవచ్చు. సెంటు మొదలు అర డాలరు దాకా ఐదు నాణేలు. ఒక్కొక్కదాన్నీ ఒక్కో సెల్లోఫేన్ సంచిలో పెట్టి, సంచులన్నీ కలిపి పైన ఒక స్టేపుల్ పిన్ను కొట్టి, పల్చటి టిష్యూ కాగితంతో సహా అరచేతిలో పట్టే అట్టపెట్టెలో పెట్టి టేపు వేసేవాళ్ళు ఆ రోజుల్లో.

శేషగిరి గారి దగ్గర 1950 నుంచి 1955 దాకా ఆరూ ఉండేవి. ఇప్పుడు బీరువాలో నాలుగే పెట్టెలున్నాయి, టేపు కూడా తియ్యనివి. ఖాళీగా ఉన్న చోటు 1950ది. అన్నిటిలోకీ అరుదైంది అదే. వారెన్ అని పేరు చెప్పుకున్న ఒకతను ఫోన్ చేసి, తన దగ్గరున్న ఇంకా అరుదైన 1942 సెట్టుతో మార్పిడి చేసుకుందామన్నాడట. ఆ నంబరు శుక్రవారం నుంచీ పలకడం లేదు.

బాలమురళి 1954 పెట్టెను మళ్ళీ చూశాడు. కాగితం పసుపుబారింది, పిన్ను తుప్పుపట్టింది. పిన్ను చుట్టూ కాగితం మీద గోధుమరంగు మరక. ఎందుకు చూస్తున్నాడో అతనికీ తెలియదు. తెలియనప్పుడు చూస్తూ ఉండడమే అతని పద్ధతి.

ఆ పద్ధతే కాసేపటికి వంటింట్లో పనికొచ్చింది. శేషగిరి గారి భార్య శ్యామసుందరి గారు కాఫీ కలుపుతున్నారు. మూడు రోజులుగా ఏడ్చిన మనిషి, అయినా వచ్చినవాళ్ళకు కాఫీ ఇవ్వకుండా ఉండలేరు. పక్కనే గోడ అరలో దేవుడి పటాలు. విభూతి డబ్బా కింద నాలుగు మడతలు పెట్టిన పల్చటి కాగితం ఒకటి ఉంది. పసుపుబారిన కాగితం. దాని అంచుకు తుప్పుపట్టిన పిన్ను వేలాడుతోంది.

"ఆంటీ, ఈ కాగితం ఎక్కడిది?"

"ఏదో స్వీట్ బాక్సులోది అయ్యుంటుంది బాబూ," అన్నారావిడ వెనక్కి తిరక్కుండానే. చెంచా మాత్రం గ్లాసులో ఆగిపోయింది.

పెద్దవాళ్ళను నిలదియ్యడమంటే బాలమురళికి దొంగల్ని నిలదియ్యడం కంటే భయం. "గరాజ్‌లో బల్ల మీదున్న పెట్టెలో కూడా ఇదే కాగితం, ఇదే పిన్ను ఉన్నాయి ఆంటీ. నేను అంకుల్‌కి చెప్పను. కానీ ఆయన్ని వెతకాలంటే నాకు తెలియాలి."

ఆవిడ స్టవ్ కట్టేశారు. కుర్చీలో కూర్చున్నారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"నా వల్లే బాబూ," అన్నారు చివరికి. "ఆయన్ని నేనే పోగొట్టుకున్నాను."

"ఏం జరిగిందండీ?"

"పోయిన నెల వరలక్ష్మీ వ్రతానికి ఆయన డార్విన్‌లో అమ్మాయి దగ్గరున్నారు. అది ఈసారి సొంతంగా చేసుకుంటానంటే నా వెండి రూపు ఆయనతో పంపించేశాను. తీరా కలశం పెట్టబోతే అందులో వెయ్యడానికి ఇంట్లో వెండి కాసు లేదు. ఇక్కడి చిల్లర వెయ్యనా? అది వెండేనా పాడా? బీరువా నిండా వెండి పెట్టుకుని, ఆ లక్ష్మికి ఒక్కసారైనా పసుపూ కుంకుమా చూపించకపోతే ఎలాగనిపించింది. అన్నిటికంటే పాతది కదా, మంచిదని 1950 పెట్టె తీశాను. టేపు ఆవిరి మీద పెడితే ఊడొచ్చింది."

బాలమురళి కళ్ళు మూసుకున్నాడు. తర్వాత రాబోయేది అతనికి తెలిసిపోయింది. అతని తల్లయినా అదే చేసేది.

"ఏ సామానైనా కడక్కుండా పూజలో పెడతామా?" అన్నారావిడ. "చింతపండేసి తోమాను. తడి ఆరాక విభూతి పెట్టి తుడిచాను. తళతళలాడాయి. అర డాలరు కలశంలో వేసి, మిగతావి అమ్మవారి ముందు పెట్టుకున్నాను. వ్రతమయ్యాక మళ్ళీ కడిగి ఎలా ఉన్నవి అలా సంచుల్లో పెట్టి, మన స్టేప్లర్‌తో పిన్ను కొట్టి, కొత్త కాగితం పెట్టి, ఆ టేపే అంటించేశాను. పాత కాగితం అమ్మవారి దగ్గర పెట్టింది కదా, చెత్తబుట్టలో వెయ్యబుద్ధి కాలేదు."

"పాడైపోయాయని మీకు ఎప్పుడు తెలిసింది?"

"ఆయన వచ్చిన వారానికి. ఇంటికొచ్చినవాళ్ళకి చెబుతున్నారు, ప్రూఫ్ నాణేన్ని వేలితో ముట్టుకున్నా పనికిరాదు, బట్టతో తుడిచినా గీతలు పడతాయి అని. అన్నం గొంతు దిగలేదు నాకు. చెబుదాం, చెబుదాం అనుకుంటూనే ఉన్నాను. శుక్రవారం ఆ పెట్టె పట్టుకుని వెళ్తుంటే గుమ్మం దాకా వెళ్ళాను. చిన్నపిల్లాడిలా నవ్వుతున్నారు బాబూ. నోరు రాలేదు. ఆ వారెన్ ఎవడో పెట్టె విప్పి చూసి, మోసం చేశారనుకుని మా ఆయన్ని ఏం చేశాడో."

ఆవిడ ఏడుస్తుంటే బాలమురళి మంచినీళ్ళ గ్లాసు అందించాడు. తప్పు మీది కాదంటే అబద్ధమవుతుంది, మీదేనంటే పాపమవుతుంది. అయినా అతని బుర్ర ఒక పక్క పనిచేస్తూనే ఉంది. పెట్టె టేపుతో సహా ఇల్లు దాటింది. లోపల నాణేలు తోమి ఉన్నాయని శేషగిరి గారికే తెలియదు. ఈ ప్రపంచంలో ఆ సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరు, ఇప్పుడు తనతో కలిపి. మూడోవాడు ఉన్నాడంటే వాడు ఆ పెట్టె విప్పినవాడే.

ఈ మాట ఇంకెవరి దగ్గరా అనకండి అని చెప్పబోతుండగా కాలింగ్ బెల్ మోగింది. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ లేచి వెళ్ళిపోయారు. ఆ ఒక్క మాట అప్పుడే వెంటపడి చెప్పి ఉంటే బాగుండేది. చెప్పలేదు.

వచ్చినవాడు హేమచంద్ర. ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున దర్యాప్తు చేసే మనిషి. అప్పటికి బాలమురళి చేతిలోంచి మూడు కేసులు లాక్కున్నవాడు. ఆరడుగుల మనిషి, ఎవరింటికెళ్ళినా బూట్లు విప్పడు. అతనికి భయమంటే తెలియదని అందరూ మెచ్చుకుంటారు. అదే అతని లోపమని బాలమురళి నమ్మకం.

"ఏం బ్రదర్, ఇంకా ఇక్కడే ఉన్నావా?" అన్నాడు హేమచంద్ర నేరుగా గరాజ్‌లోకి నడుస్తూ. "ఆంటీ కాఫీ బాగుంటుందని విన్నాలే."

"కేసు నాది. సింధుజ గారు పెట్టుకున్నారు," అన్నాడు బాలమురళి వెనకాలే వెళ్తూ.

"పాలసీ మా కంపెనీది. పాలసీ ఎవరిదో బీరువా తాళం వాళ్ళది. ఫైల్ ఇవాళ పొద్దునే నా టేబుల్ మీదకొచ్చింది. ఆ 1950 సెట్టుని ఫొటోలో తప్ప చూళ్ళేదు నేను. Give me ten minutes, తర్వాత నీ ఇష్టం."

హేమచంద్ర బీరువాలో నాలుగు పెట్టెల్నీ పక్కకు జరిపి వెనకాల చెయ్యి పెట్టి చూశాడు. కింది అర లాగి దాని అడుగు తట్టాడు. తేమ లాగే మెషీను కూడా ఎత్తి చూశాడు.

"ఏం వెతుకుతున్నారు?"

"1950 సెట్."

"అది అంకుల్ తీసుకెళ్ళారు కదా."

"రెండోది."

"రెండోది ఉందని పాలసీలో ఉందా?"

"పాలసీలో లేదు, కామన్ సెన్స్‌లో ఉంది," అన్నాడు హేమచంద్ర. "నిజమైన కలెక్టర్ ఎవడూ మంచి పీసు బయటికి తీసుకెళ్ళడు. మంచిది ఇంట్లో దాచి, చెత్తది చేత్తో పట్టుకెళ్తాడు. ఆంటీ ఏమైనా అన్నదా నీతో? ఇంకో పెట్టె, బ్యాంకు లాకరు, అలాంటిది?"

"ఏమీ అన్లేదు." అబద్ధం చెప్పేటప్పుడు బాలమురళి చెవులు ఎర్రబడతాయి. గరాజ్‌లో వెలుతురు తక్కువగా ఉండడం అతని అదృష్టం.

"అంటే నువ్వు అడగలేదు. సరే, నా రిపోర్ట్ విను. ముసలాయన క్లెయిమ్ కోసం డ్రామా ఆడాడు. కారు అందరికీ కనబడే చోట పెట్టి ఏ క్వీన్స్‌లాండో పోయాడు. అంతే."

"స్టెంట్ ఉన్న మనిషి మాత్రలు కార్లో వదిలేసి పారిపోతాడా?" బాలమురళికి కోపం వచ్చింది. కోపం వస్తే భయం కాసేపు పక్కకు తప్పుకుంటుంది. "క్లెయిమ్ కావాలంటే ఇంటి తాళం పగలగొట్టుకుని, దొంగలు పడ్డారని చెప్పేవారు. పైగా ఆయన ఇంతవరకూ క్లెయిమే వెయ్యలేదు. రాయని రిపోర్టుకి ముందే సంతకం పెట్టుకొచ్చారు మీరు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే ఆయన భుజాలు తడుముకోలేదండీ, మీరే ఆయన భుజాలు తడుముతున్నారు."

హేమచంద్ర మొహం బిగుసుకుంది. బాలమురళి ఎదురు మాట్లాడడం అతను ఎప్పుడూ వినలేదు.

"నీకు ఆ ముసలాయన దేవుడు," అన్నాడు. "పూజ గిన్నెల్లాగ తోమిపారేసిన కాసుల్ని పెట్టెలో పెట్టి, పైన టేపేసి, మింట్ నుంచి వచ్చింది వచ్చినట్టే ఉందని అంటగట్టే దేవుడు. వాటి ఒంటి నిండా గీతలే. అలాంటివాణ్ణి పట్టుకుని నాకు నీతులు చెప్తున్నావా?"

బాలమురళి ఒళ్ళు చల్లబడిపోయింది.

ఫొటోలో తప్ప చూడలేదన్న మనిషికి గీతల సంగతి ఎలా తెలుసు? ఎవరింట్లో ఏ బీరువాలో ఏముందో తెలిసినవాడు ఇన్సూరెన్స్ కంపెనీ మనిషి కాక ఇంకెవడు? వారెన్ పేరుతో ఫోన్ చేసింది ఎవరో, శుక్రవారం గుడి దగ్గర ఆ పెద్దాయన కోసం కాచుకున్నది ఎవరో, ఒక్క మాటతో తేలిపోయింది. శేషగిరి గారు చెత్త సెట్టు చూపించి మంచిది దాచారని ఇతను నమ్ముతున్నాడు. ఆ మంచిది ఎక్కడుందో చెప్పమని ఎక్కడో కూర్చోబెట్టి అడుగుతున్నాడు. చెప్పడానికి పాపం ఆయన దగ్గర ఏమీ లేదు. ఆ నమ్మకం ఉన్నంతవరకే ఆయన ప్రాణాలు ఉంటాయి.

"అవునేమో," అన్నాడు బాలమురళి. గొంతు వణికింది. ఎప్పుడూ వణికే గొంతే కాబట్టి అందులో వింత కనిపించలేదు. "నాకు కాయిన్స్ గురించి ఏం తెలుసు. సారీ, కొంచెం ఎక్కువ మాట్లాడాను."

హేమచంద్ర అతని మొహంలోకి కాసేపు చూశాడు. తర్వాత జేబులోంచి ఫోన్ తీసి, "ఆఫీసు నుంచి, ఒక్క నిమిషం," అని చెవి దగ్గర పెట్టుకుని బయటికి నడిచాడు. ఆ ఫోన్ మోగలేదు. దాని స్క్రీన్ వెలగలేదు.

బాలమురళి తన ఫోన్ తీశాడు. ట్రిపుల్ జీరో నొక్కాడు. పోలీసా, ఫైరా, అంబులెన్సా అని అవతలి గొంతు అడుగుతుండగా ఇంటి ముందు నుంచి శ్యామసుందరి గారి గొంతు వినబడింది. ఆవిడ ఏడుస్తూ నవ్వుతున్నారు. ఆ వెంటనే కారు డోర్ వేసిన చప్పుడు.

హేమచంద్ర వినకుండా కాల్ కట్ చేసి, ఫోన్ చేతిలో పట్టుకునే పరుగెత్తాడు. ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. హేమచంద్ర కారు ముందు సీట్లో శ్యామసుందరి గారు కూర్చుని ఉన్నారు, కాళ్ళకు ఇంట్లో వేసుకునే చెప్పులు, చేతిలో మాత్రల స్ట్రిప్పు. ఇంజను ఆన్‌లో ఉంది.

"ఆయన దొరికారు బాబూ," అన్నారావిడ కిటికీలోంచి. "ఆస్పత్రిలో ఉన్నారట. నా తల్లి వరలక్ష్మి కాపాడింది."

"ఏ ఆస్పత్రి?" అన్నాడు బాలమురళి.

"డీటెయిల్స్ దారిలో కనుక్కుంటా," అన్నాడు హేమచంద్ర డ్రైవరు వైపు డోర్ తీస్తూ. "నువ్వు ఇల్లు చూస్తూ ఉండు బ్రదర్. సింధుజ వస్తుంది కదా."

తెలివైన పని ఏమిటో బాలమురళికి తెలుసు. నంబరు ప్లేటు చూసుకుని, పక్కకు తప్పుకుని, పోలీసులకు చెప్పాలి. అలా చేస్తే ప్రాణాలతో ఉంటాడు. అతని కాళ్ళు ఆ పనికి సిద్ధంగానే ఉన్నాయి. కానీ ఈ కారు సందు తిరిగిందంటే, ఆ ఎక్కడో ఉన్న గదిలో భర్త చేత నిజం చెప్పించడానికి భార్యను ఎదురుగా కూర్చోబెడతారు. పోలీసులు వచ్చి, అతని మాట నమ్మి, బయల్దేరేసరికి ఎంతసేపవుతుందో అతను ఊహించగలడు. ఇంత భయం తన జీవితంలో ఎప్పుడూ వెయ్యలేదు. అంత భయంలోనే వెనక డోర్ తీసి లోపల కూర్చున్నాడు.

"నేనూ వస్తాను," అన్నాడు. "అంకుల్‌ని చూసి వెళ్తా."

హేమచంద్ర ఒక్క క్షణం ఆగాడు. ఎదురింటివాళ్ళు కుక్కను తీసుకుని బయటికొచ్చారు. అతను వాళ్ళకు చెయ్యి ఊపి, కారు కదిలించాడు.

బాలమురళి ఫోన్‌ను మోకాళ్ళ మధ్య పెట్టుకుని, కిందికి చూడకుండా, తన లైవ్ లొకేషన్ సింధుజకు పంపాడు. తర్వాత దొంగచూపు చూశాడు. ఒకటే టిక్కు. ఆమె విమానంలో ఉంది.

పెద్దాస్పత్రి ఉన్న ఫ్రాంక్‌స్టన్ వైపు తిరగాల్సిన చోట కారు తిరగలేదు. శ్యామసుందరి గారు అది గమనించలేదు. మూడు రోజుల బరువు దిగిన మనిషి, ఆవిడ కళ్ళకు రోడ్డు కనబడడం లేదు.

"హేమచంద్రా, నువ్వు చల్లగా ఉండాలి నాయనా," అన్నారు. "ఆయన్ని చూడగానే ముందు చెప్పాల్సింది ఒకటుంది. కోప్పడితే కోప్పడతారు."

"ఆంటీ, అవన్నీ ఇప్పుడెందుకు," అన్నాడు బాలమురళి ముందుకు వంగి. "కొంచెం రెస్ట్ తీసుకోండి. కళ్ళు మూసుకోండి కాసేపు."

"ఉండు బాబూ, చెప్పనీ. గుండెల్లో పెట్టుకోలేక చస్తున్నాను."

"ఆంటీ, ప్లీజ్."

"ఇన్సూరెన్సు వాళ్ళకి కూడా తెలియాలి కదా, ఆయన్ని దొంగ అంటున్నారట," అన్నారావిడ. ఆయన మీద పడ్డ మాట తుడిచెయ్యాలన్న తొందర ఆ గొంతులో ఉంది. "ఆ నాణేలు పాడుచేసింది నేను నాయనా. వ్రతానికని చింతపండేసి తోమాను. ఆయనకి తెలియనే తెలియదు. అవి మంచివనుకునే తీసుకెళ్ళారు పాపం."

హేమచంద్ర చేతులు స్టీరింగ్ మీద అలాగే ఉన్నాయి. "మరి మంచి సెట్టు ఇంకోటి ఉందన్నారే ఆంటీ, 1950ది?" అన్నాడు మెల్లగా.

"ఎవరన్నారు? ఇంకోటి ఎక్కడిది? ఉన్నది అదొక్కటే. దానికోసం ఆయన ఎన్నేళ్ళు తిరిగారో. కావాలంటే ఈ అబ్బాయిని అడుగు, ఇందాక నువ్వు రాకముందే మొత్తం చెప్పాను."

బాలమురళి తల ఎత్తాడు. ముందున్న అద్దంలో హేమచంద్ర కళ్ళు అతని కోసమే చూస్తున్నాయి. గరాజ్‌లో తను అన్న మాట ఏమిటో, అది విన్నాక కూడా బాలమురళి ఎందుకు నోరు మూసుకున్నాడో, ఇప్పుడు ఆ కళ్ళకు అర్థమైంది. దాచుకోవడానికి ఇంక ఇద్దరి దగ్గరా ఏమీ మిగల్లేదు.

బాలమురళి చెయ్యి డోర్ హ్యాండిల్ మీదకు వెళ్ళింది. లాగాడు. పిల్లల కోసం పెట్టే లాక్ వేసి ఉంది, తలుపు లోపలి నుంచి తెరుచుకోలేదు.

హేమచంద్ర ఇండికేటర్ వేసి, ఎడమవైపు ఇళ్ళు లేని రోడ్డులోకి తిప్పాడు.

"చాలా థాంక్స్ ఆంటీ," అన్నాడు ఎంతో మర్యాదగా. "శుక్రవారం నుంచీ అంకుల్‌ని ఇదే అడుగుతున్నాను. ఇంక ఆయన్ని అడగక్కర్లేదు."

శ్యామసుందరి గారు నవ్వుతూనే అతని వైపు తిరిగారు. ఆ మాట అర్థం కావడానికి ఆవిడకు కొంచెంసేపు పట్టింది. తర్వాత చేతిలోని మాత్రల స్ట్రిప్పును గుండెలకు అదుముకుని, వెనక సీట్లో ఉన్న బాలమురళి కోసం వెతుక్కుంటూ చూశారు.